ముందు కాలువ



మీరు సిద్ధపఱచిన అర్జీ మాకు చేరినది. అందు పదకొండు కోరికలున్నవి. ఒక్కటియు అన్యాయమైనది కాదు. కాని వాననీటి కాలువ నగరపాలక సంస్థవారిది, త్రాగునీరు మెట్రోవాటర్ వారిది, ఖాళీగా నున్న ఉపాధ్యాయ స్థానము విద్యాశాఖవారిది. అన్నింటిని ఒకే కాగితమున వ్రాసినచో ఏ కార్యాలయమువారైనను తమది కానిదానిని చూపి, తమదైనదానిని సైతము ప్రక్కకు నెట్టగలరు. 2011లో చెన్నై నగర పరిధి 174 నుండి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగి, వార్డులు 200 అయినవి. అంతటి యంత్రమును చూచి జంకుట సహజమే.

త్యాగరాయనగరులో బజారు చేయు మనము పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు నిత్యము పలుకుచునే యున్నాము. ఆయన చేసిన పని మాత్రము కొలదిమందికే తెలియును. ఆయన నగరపాలక సంస్థ అధ్యక్షులుగా నున్నప్పుడు, థౌజండ్ లైట్స్ ప్రాంతమందలి కార్పొరేషన్ పాఠశాలలో పేదఱికముచేత పిల్లల సంఖ్య తగ్గుచుండెను. నగరమందలి దారిద్ర్యమంతటిని రూపుమాపుదుమని వారు తీర్మానింపలేదు. ఆ ఒక్క పాఠశాలలో, పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించకుండ, మధ్యాహ్నము ఫలహారము పెట్టుటకు 1920 సెప్టెంబరు 16న సభ అంగీకరించెను. ఒక్క అణా! పిదప మఱి నాలుగు పాఠశాలలు చేరినవి. 1922–23లో 811గా నున్న విద్యార్థుల సంఖ్య 1924–25 నాటికి 1,671 అయ్యెను. ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయమును ప్రభుత్వ మొప్పుకొనకపోవుటచే 1925 ఏప్రిల్ 1న పథకము ఆగిపోయెను. 1927లో మరల లేచి 25 పాఠశాలలకు ప్రాకెను. చేతిలో ఆ లెక్క లేకున్న మరల అడుగుట కష్టమయ్యెడిదని మా అభిప్రాయము. కామరాజుగారి 1956 నాటి పథకము, 1982 నాటి విస్తరణము, 2022లో 1,545 పాఠశాలలలో మొదలైన ఉదయపు ఫలహారము మీరెఱిగినవే.

మనకు ఆకలి స్థానమున వాననీరున్నది. కార్తీకమాసపు వానలకు మన ద్వారము ముందు మోకాలిలోతు నీరు నిలుచును. ఒకటవ తరగతి పిల్లవానిని ఎత్తుకొని ఆ నీటిలో నడచిన తల్లి మరుసటి యేడు దగ్గఱలోని వేఱొక పాఠశాలను వెదకుకొనును. ఆమెను తప్పు పట్టలేము. పిల్లల సంఖ్య తగ్గినచో ఎయిడెడ్ పాఠశాలలో ఉపాధ్యాయ స్థానము నిలువదు. తెలుగు ఉపాధ్యాయుని సంగతి ముందు, కాలువ సంగతి తరువాత అని వాదించిన పెద్దలకు మా సమాధాన మిదియే. కాలువ అడుగుట తెలుగు అడుగుటయే.

కనుక ఆ పదకొండింటిలో కాలువను మాత్రము వేఱు కాగితమున వ్రాసినాము. ఒక ప్రతి వార్డు కార్యాలయమునకు, ఒకటి కౌన్సిలరుగారికి. నీరు నిలిచిన దినమున తేదీ, వేళ తెలియునట్లు ఛాయాచిత్రము తీయుడు. 1913కు ఫోను చేసి, వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను వ్రాసి యుంచుడు. నోటిమాటకు కార్యాలయములలో విలువ తక్కువ. వాచకముల అర్జీ కాలువ పని మొదలైన పిదప.

కాగితము మా గది వెలుపలి బల్లమీద నున్నది. శనివారములోగా సంతకములు చేయుడు. సోమవారము మాతో వార్డు కార్యాలయమునకు రాగల నలుగురు ఇప్పుడే పేర్లు చెప్పుడు.