ముద్రించిన మాటకు మెరుగులు

విశాఖపట్నమునకు చేరువనున్న మా సబ్బవరమున ఎనుబదేండ్లు దాటిన ఒక మామ్మగారున్నారు. ఒక కర్మాగారము కొరకు పుట్టిన ఊరు ఖాళీ చేయవలసిరాగా, ఆమె కుటుంబము ఇచటి చుట్టముల పంచకు చేరినది. ఆ వృత్తాంతమును మేము సెల్‌ఫోనులో ముద్రించితిమి. ముప్పావుగంట మాట, దానితోపాటు తలపైని ఫ్యాను హోరు, అనకాపల్లి–ఆనందపురము రహదారిమీది లారీల మోత, దగ్గు, నడుమ నడుమ “ఏటి బాబూ?” అను ప్రశ్న. దీనిని పది నిమిషములకు కుదింపవలెనని కంప్యూటరు ముందు కూర్చుంటిమి.

మేము వాడినది ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు దీనికి శ్రీకారము చుట్టిరి. 2000లో ఇది వెలువడినది. ఫైలు తెరచినంతనే మాట కంటికి కనబడును! గొంతు హెచ్చినచోట గీత గుట్టవలె ఉబ్బును, మౌనమువద్ద దారమువలె సన్నగిలును. స్పేస్‌బారు నొక్కిన మాట వినబడును, మరల నొక్కిన ఆగును. అక్కరలేని తునకపై మౌసును లాగి డిలీట్ మీట నొక్కినచో, అది పోయి ఇరుప్రక్కల మాటలు అతుకుకొనును.

విశాఖపట్నము ఆకాశవాణి కేంద్రము 1963లో ప్రారంభమైనది. ఆనాటి రేడియో కేంద్రములలో ఈ పని పావు అంగుళపు టేపుమీద జరిగెడిది. రీళ్లను చేతితో అటునిటు త్రిప్పి, మాట అంచును చెవితో పట్టి, పెన్సిలుతో గురుతు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికెడివారు. ఏటవాలుగా నేల యందురా? నిలువుకోతవద్ద టప్పుమను చప్పుడు వినవచ్చును. కంప్యూటరులోను ఆ బాధ కలదు. తరంగము నడిమిగీతను దాటుచోటనే కోయవలెను. ఆడాసిటీలో ‘జడ్’ మీట నొక్కిన, మనము గుర్తించిన అంచులు అట్టి చోటికి తామే జరుగును.

ఎవరును మాటాడని రెండు మూడు సెకనుల తునకను మాదిరిగా చూపినచో ఫ్యాను హోరు చాలవరకు తగ్గును. వచ్చిపోవు లారీలు అంత సులువుగా లొంగవు. పట్టుబట్టి తగ్గింపబోతిమి గాని, మామ్మగారి గొంతు నీటిలోనుండి వచ్చినట్లాయెను, మానుకొంటిమి.

పిదప మౌనములన్నిటిని ఒక్కమారుగా కుదించు సౌకర్యమును ప్రయోగించితిమి. మూడు నిమిషములు కలిసివచ్చినవి. సంతోషించి మొదటినుండి వింటిమి. “ఊరొదిలి రావడం మీకిష్టమేనా మామ్మగారూ?” అని మా ప్రశ్న. వెంటనే “ఇష్టమే బాబూ” అని జవాబు! పెండ్లికి పిలిచిన వచ్చెదమన్నంత చులకనగా నున్నది. మూలములో ఆ రెండు మాటల నడుమ పదునొకండు సెకనుల మౌనమున్నది. మేము ఒక్క మాటయు మార్చలేదు, అయినను ఆమె అననిది అన్నట్లాయెను.

కంట్రోలు మీటతో జడ్ నొక్కి చేసినదానిని వెనుకకు మరలించితిమి. టేపు దినములలో నైనచో కోసిన తునకలను నేలమీద వెదకుకొనవలసివచ్చెడిది. ఫోను ముద్రించిన మూలప్రతిని ముందే వేరొకచోట భద్రపరచితిమి, దానిని ముట్టలేదు. ఇంకొక మాట: సేవ్ చేసిన చాలునని తలచువారున్నారు. అట్లు దాచిన ప్రాజెక్టు ఆడాసిటీలోనే తెరచుకొనును. ఇతరులు వినుటకు వేవ్‌గానో ఎంపీ3గానో ఎక్స్‌పోర్టు చేయవలెను. వేవ్ ఫైలు పెద్దది. సెకనుకు 44,100 కొలతలతో, 16 బిట్లతో ఒంటి ఛానలు నిమిషమునకు సుమారు 5 మెగాబైట్లగును. ఎంపీ3 చిన్నది, కాని ధ్వనిలో కొంత విడిచివేయును.

మరునాడు ఒక్కొక్క మౌనమును విడివిడిగా విని, కొన్నిటిని తగ్గించి, కొన్నిటిని అట్లే ఉంచితిమి. కార్యక్రమము పది నిమిషముల పదునొకండు సెకనులు వచ్చినది. రెండు దగ్గులను, ఒక “ఏటి బాబూ”ను తీసి సరిపెట్టితిమి.