శరణార్థి సేవ: అన్నము, సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



బాన్సువాడ పొలములకు నీరిచ్చు మంజీర చాల దూరమునుండి వచ్చుచున్నది. బీడు జిల్లాలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, ఉస్మానాబాదు, బీదరు సీమలను దాటి, మెదకు నేలను తడిపి, నిజాంసాగరమున నిలిచి, కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. 1948వ సంవత్సరమున ఈ నది నడచిన జిల్లాలలోనే వేలకొలది జనులు ఇండ్లు వాకిండ్లు విడిచి ప్రాణములు దక్కించుకొనుటకు పరుగెత్తిరి. అట్టివారికి ఎవరు అన్నము పెట్టిరి, వారి మాటను ఎవరు వ్రాసి నిలిపిరి అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

శరణార్థిని ఆదరించుట ఈ దేశమునకు క్రొత్త ధర్మము కాదు. శిబి చక్రవర్తి పావురమును కాచుటకు తన దేహమునే తూచి ఇచ్చెనని పెద్దలు చెప్పుదురు. మక్కా విడిచివచ్చిన ప్రవక్తకును ఆయన అనుచరులకును మదీనావాసులు తమ ఇండ్లలో చోటిచ్చిరని ముస్లిం సోదరులు స్మరింతురు. ఈ రెండు కథలయందును ఆశ్రయమిచ్చినవారు వచ్చినవారి అవసరమును చూచిరేగాని కులగోత్రములు విచారింపలేదు. అయితే కథలో సులభముగా కనిపించు ధర్మము కాలము కలిసిరానప్పుడు ఎంత కఠినమో 1948 చూపినది.

1947 ఆగస్టు మొదలు పదమూడు మాసములు హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరక నిలిచినది. ఆ కాలమున కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్ల దౌర్జన్యము మితిమీరెను. పల్లెలు తగులబడెను. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసగా నిలిపి కాల్చివేసిరి. మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, కొందరు కృష్ణా, గుంటూరు జిల్లాలకు, కొందరు చాందాకు, కొందరు షోలాపురమునకు తరలిపోయిరి. విజయవాడ ప్రాంతమున వారికి శిబిరములు వెలసెను. కాంగ్రెసువారును, కమ్యూనిస్టులును ఆ సేవలో పాల్గొనిరి.

ఈ దౌర్జన్యమును ఖండించినవారిలో ముస్లిములును కలరు. ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లకు వ్యతిరేకముగా వ్రాసినందుకు ఆ ఆగస్టులోనే హైదరాబాదు నగరమున హత్య చేయబడెను. ఆయన తన మతమువారి తప్పును తన కలముతోనే ఖండించెను. ఆ సత్యమునకు ప్రాణమే వెలయైనది.

సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ప్రజలు స్వేచ్ఛావాయువు పీల్చిరి. కాని అంతటితో కథ ముగియలేదు. రజాకార్లపై రగిలిన పగ, రజాకార్లతో ఎట్టి సంబంధమును లేని ముస్లిం కుటుంబములపై విరుచుకుపడెను. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపోయెను. మొన్న ఒక మతమువారు పారిపోయిన దారులనే నేడు మరియొక మతమువారు పట్టిరి. అనేకులు హైదరాబాదు నగరమునకు చేరి తలదాచుకొనిరి.

అప్పుడు భారత ప్రభుత్వపు కోరికపై ముగ్గురు పెద్దలు విచారణకు బయలుదేరిరి. వారు ఉద్యోగులు కారు. ఒకరు గాంధేయవాది పండిత సుందర్‌లాల్. రెండవవారు ‘పయామ్’ పత్రికను నడపిన ఉర్దూ రచయిత ఖాజీ అబ్దుల్ గఫార్. మూడవవారు మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు వారు 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగిరి. తాము చూడలేకపోయిన 109 గ్రామములనుండి వచ్చిన 500 మందికి పైగా జనులను విచారించిరి. తక్కువ అంచనాకే 27 వేలనుండి 40 వేలవరకు ప్రాణములు పోయినవని వ్రాసిరి. రజాకార్ల దుష్కృత్యములను దాచలేదు. కొన్నిచోట్ల సైన్యమునకును పోలీసులకును చెందినవారు దోపిడిలోను హింసలోను పాలుపంచుకొనిరని చెప్పుటకును వెనుదీయలేదు.

ఆ నివేదికలో చీకటి మాత్రమే కాదు, వెలుగును కలదు. అనేక స్థలములలో హిందూ సాలెవారు తమతోడి ముస్లిం నేతపనివారికి అడ్డుగా నిలిచి, తరచు ప్రాణనష్టముతో సహా గొప్ప నష్టమునకు ఓర్చి వారిని కాచిరని అందు వ్రాయబడినది. ఒకే వృత్తిలో చేయి కలిపి బ్రదికినవారు మతము పేరిట విడిపోవుటకు ఒప్పుకొనలేదు. అపహరింపబడిన ముస్లిం స్త్రీలను ఇండ్లకు చేర్చుటలో అనేక హిందువులు తోడ్పడిరి.

అట్టి నివేదికను ప్రభుత్వము దశాబ్దముల తరబడి ప్రకటింపలేదు. 2013లో ఎ.జి. నూరానీ రచించిన గ్రంథమునకు అనుబంధముగా అది అచ్చయినది. ఈలోగా ఏమి జరిగినది? ఒక ఇంట రజాకార్ల కథ మాత్రమే మిగిలినది, మరియొక ఇంట సెప్టెంబరు కథ మాత్రమే మిగిలినది. సగము సత్యము వినిన పిల్లలు పెరిగి పెద్దవారైరి. ప్రాణమొడ్డి పొరుగువారిని కాచిన సాలెవారి పేర్లు లోకమునకు తెలియకపోయినవి. అన్నము పెట్టనిచో శరణార్థి ఆ దినమున నశించును. సాక్ష్యము నిలుపనిచో అతని న్యాయము తరతరములకు నశించును.

ఆ ముగ్గురు పెద్దలు ఊరూర తిరుగుచున్న దినములలోనే, డిసెంబరు 10వ తేదీన, పారిసు నగరమున ఐక్యరాజ్యసమితి విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించినది. నిష్కారణముగా ఎవరిని దేశమునుండి వెడలగొట్టరాదనియు, హింసకు గురియైనవారు పరదేశమున ఆశ్రయము కోరవచ్చుననియు అందు కలదు. మొదటి వాక్యమున ‘పురుషులందరు’ అను అర్థమిచ్చు మాటకు బదులు ‘మానవులందరు’ అనునది చేర్పించిన ఘనత భారత ప్రతినిధి హంసా మెహతాది.

హక్కు కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. దానిని అడుగు మార్గము తెలియవలెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము జాతివైరములకును, కులదౌర్జన్యములకును, వరదకరవులకును గురియైనవారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టము క్రింద బాధితుని పక్షమున మరియొకరును జాతీయ కమిషనునకు ఫిర్యాదు పంపవచ్చును. రుసుము లేదు. సంఘటన జరిగిన ఏడాదిలోపల పంపవలెను. చదువురాని శరణార్థికి ఈ సంగతి ఎవరు చెప్పుదురు? చదువు వచ్చినవారే చెప్పవలెను. చదువు వచ్చినవారు కూడు చోటు గ్రంథాలయము.

కావున ఏ కలహమువల్లనైనను గూడు చెదరిన కుటుంబము ఈ ఊరికి వచ్చినచో, గ్రంథాలయ సభ్యులు మొదట అన్నోదకములు చూడవలెను. పిమ్మట ఒక పుస్తకము తెరచి, వారి పేరు, ఊరు, విడిచివచ్చిన భూమి, తప్పిపోయినవారి వివరములు వారి మాటలలోనే వ్రాయవలెను. వ్రాసినది వారికి చదివి వినిపింపవలెను. వారికి అపాయము కలుగునట్లు దానిని బయటపెట్టరాదు. వచ్చినవారు తమవారా, పరులా అని చూచి కలమును ఆపరాదు. ఇరువది యైదేండ్లు పుస్తకములను కాపాడిన ఈ గ్రంథాలయము, ఇకమీదట ఆపన్నుల మాటను కూడ అంత భద్రముగా కాపాడుగాక!