కంచంలో మిగిలిపోయే అన్నం

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో పిల్లలు భోజనం మానేస్తే ఒక్కపొద్దేమో, డైటింగేమో అని ఊరుకుంటాం. అనొరెక్సియా ఆ సాకుల చాటునే ముదురుతుంది. మొండితనం కాదిది, ప్రాణాల మీదికి తెచ్చే మానసిక వ్యాధి. 1873లోనే ఇంగ్లండు వైద్యుడు విలియం గల్ దీనికి పేరు పెట్టాడు.

బక్కచిక్కినా లావైపోతాననే భయం, మెతుకులు కెలుకుతూ కూర్చోవడం, ఎప్పుడూ చలి, జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం దీని గుర్తులు. మన దగ్గర కొందరు లావు మాటే ఎత్తరు, కడుపు ఉబ్బరమంటారు. అలా గ్యాస్ మాత్రలతోనే నెలలు గడిచిపోతాయి. అబ్బాయిలకూ వస్తుంది సుమా!

తినమని గద్దించకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. స్పృహ తప్పితే మాత్రం ఆలస్యం వద్దు. పంజాగుట్టలోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది, ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.