పేగుపూత ఆపరేషన్: ఎవరి చేత, ఏ పద్ధతిలో?

(సంఘ వార్షిక సభలో ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, డాక్టరును కాను. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, మనకు ‘మష్వరా’ అనే మంచి మాట ఒకటుంది. నలుగురినీ అడిగి, ఆలోచించి, ఒక నిర్ణయానికి రావటం అని దాని అర్థం. పిల్ల పెళ్లికి మష్వరా చేస్తాం. మామిడితోట పూత మీద అమ్మాలా, కాయ మీద అమ్మాలా అని మష్వరా చేస్తాం. కడుపు కోసే ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపించిన చోట సంతకం పెట్టేస్తాం, లేదా భయపడి ఇంటికి వచ్చేస్తాం. ఈ రెండూ మంచివి కావని మనవి చేస్తున్నాను.

నేను చెప్పబోయే జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. పేగుపూత అంటాం. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. రక్తం, జిగట, రోజుకు పదిసార్లు దొడ్డికి పరుగు, మనిషిలో నీరసం. దీన్ని మొలలనో, అమీబా విరేచనాలనో అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగేవాళ్లు ఉన్నారు. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే ఇది తేలుతుంది. చాలామందికి మందులతోనే అదుపులో ఉంటుంది. కొందరికి ఆపరేషన్ తప్పదు.

ఎప్పుడు తప్పదు? మందులకు లొంగని తీవ్రమైన దాడి వచ్చినా, రక్తం ఆగకపోయినా, పేగు ఉబ్బి చిల్లు పడేట్టున్నా వ్యవధి ఉండదు. అలా కాక స్టెరాయిడ్ మాత్రలు మానలేని స్థితి వచ్చినా, పరీక్షలో కాన్సర్ సూచన కనబడినా ఆలోచించుకునే వ్యవధి కొంత ఉంటుంది. జబ్బు మొదలై 8 ఏళ్లు దాటితే కాన్సర్ కోసం మళ్లీ కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి. మనవాళ్లు ‘మామిడి కోతలు కానీ’, ‘రంజాన్ వెళ్లనీ’ అని వాయిదా వేస్తూ ఉంటారు. తీరా అర్ధరాత్రి కారులో వేసుకుని విజయవాడ పరుగెత్తినప్పుడు, ఆ రోజు డ్యూటీలో ఉన్నవారే మన సర్జన్. ఎన్నుకునే హక్కు వాయిదాలోనే పోతుంది. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ఇక పద్ధతులు. మొదటిది, పెద్దపేగు, పురీషనాళం మొత్తం తీసివేసి, చిన్నపేగు చివరను పొట్ట మీదకు తెచ్చి సంచీ తగిలించటం. ఈ ద్వారాన్ని చక్కగా అమర్చే విధానాన్ని ఇంగ్లండులో బ్రయాన్ బ్రూక్ 1952లో చెప్పారు. సంచీ జీవితాంతం ఉంటుంది, కాని జబ్బు పోతుంది. రెండవది, చిన్నపేగుతోనే లోపల తిత్తి కుట్టి మలద్వారానికి కలపటం. లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రికి చెందిన పార్క్స్, నికోల్స్ 1978లో దీన్ని ప్రకటించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ‘జె’ ఆకారపు తిత్తిని జపాన్ సర్జన్ ఉట్సునోమియా 1980లో చెప్పారు. సంచీ శాశ్వతంగా ఉండదు. అయితే రోజుకు అయిదారు సార్లు దొడ్డికి వెళ్లాల్సిందే. తిత్తి అప్పుడప్పుడు వాచవచ్చు, దానికి మందులున్నాయి. ఇది సాధారణంగా రెండు విడతల్లో జరుగుతుంది, మనిషి బాగా నీరసించి ఉంటే మూడు విడతల్లో.

అత్యవసరంలో పెద్దపేగు మాత్రమే తీసి, పురీషనాళాన్ని అలాగే ఉంచి, సంచీ పెడతారు. ప్రాణం నిలుస్తుంది. మనిషి కోలుకున్నాక, అనుభవం ఉన్నచోటికి వెళ్లి తిత్తి సంగతి తీరికగా చూసుకోవచ్చు. కాబట్టి అత్యవసరంలో ఆపరేషన్ జరిగినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు.

సర్జన్‌ను ఎలా ఎన్నుకోవాలి? మన నూజివీడు ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోజూ అంటు కట్టే చెయ్యి వేరు, ఏడాదికోసారి కట్టే చెయ్యి వేరు. తిత్తి ఆపరేషన్ కూడా అంతే. ఎక్కువగా చేసే ఆస్పత్రుల్లో తిత్తి చెడిపోయే సందర్భాలు తక్కువని పరిశోధనలు చెప్తున్నాయి. మందులిచ్చే గ్యాస్ట్రో డాక్టరు వేరు, కోసే సర్జన్ వేరని కూడా గుర్తుంచుకోండి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే చోటు మంచిది. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా వంటి ఆస్పత్రుల్లో జీర్ణకోశ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగాలున్నాయి.

సర్జన్‌గారిని మర్యాదగానే అడగండి: ‘అయ్యా, ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? వాళ్లు ఎలా ఉన్నారు? ఎన్ని విడతలు? కుట్టు కారితే ఏం చేస్తారు? సంచీ సంగతి నేర్పే నర్సు ఉన్నారా?’ మంచి సర్జన్ కోపగించుకోరు. చిన్న రంధ్రాలతో లాప్రోస్కోపీ చేస్తే మచ్చ చిన్నది, కోలుకోవటం త్వరగా ఉంటుంది. అయితే యంత్రం పేరు చూసి మురిసిపోకండి, దాని వెనుక చెయ్యిని చూడండి. స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. ఆరోగ్య పథకం కింద వస్తుందో రాదో ఆస్పత్రిలో చేరకముందే కనుక్కోండి.

మన ఇళ్లలో మరికొన్ని భయాలున్నాయి, పైకి అనరు. సంచీతో నమాజ్ ఎలా అని ఒక భయం. ఆపుకోలేని స్థితిలో ఉన్నవారికి షరీయత్‌లో ‘మాజూర్’ అనే సడలింపు ఉంది, ప్రతి నమాజ్ వేళకు వుజూ చేసుకుంటారు. వివరాలు ఆలిమ్‌గారిని అడగండి. సంచీ చోటును ఆపరేషన్‌కు ముందే గుర్తు పెడతారు. అప్పుడు నర్సుకు రుకూ, సజ్దా చేసి చూపించండి. పైజామా నాడా, చీర కుచ్చిళ్లు ఎక్కడికొస్తాయో చూపించండి. సంచీ ఉన్నవారికి ఒంట్లో ఉప్పు, నీరు త్వరగా పోతాయి కనుక రోజా సంగతి డాక్టరును అడక్కుండా పెట్టుకోవద్దు.

ఆడపిల్లల విషయం. తిత్తి ఆపరేషన్ తరువాత గర్భం రావటం కష్టమయ్యే అవకాశం పెరుగుతుంది. పిల్లలు కావాలనుకునేవారు ఆ విడతను వాయిదా వేసుకోవచ్చు. ఇది సర్జన్‌తో అమ్మాయి స్వయంగా మాట్లాడాల్సిన మాట. అబ్బాజాన్, చాచాజాన్, మామూజాన్ వసారాలో కూర్చుని తేల్చేది కాదు. సంచీ మోసేది ఎవరో, రాత్రి లేచి దొడ్డికి వెళ్లేది ఎవరో, వాళ్ల మాటే చివరిమాట కావాలి. మష్వరాలో రోగికి మొదటి కుర్చీ వేయండి. శాశ్వతంగా సంచీయే నయమని ఒకరు అనవచ్చు, తిత్తే కావాలని మరొకరు అనవచ్చు. తెలిసి కోరుకున్నప్పుడు రెండూ సరైనవే.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. ఇలాంటి రోగి ఇంట్లో ఉన్నవారికి డబ్బు సాయం ఒక్కటే చాలదు. కాగితాలన్నీ వరుసగా ఒక ఫైలులో పెట్టి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లి, చెప్పింది రాసుకునే చదువుకున్న కుర్రవాడు ఒకడు కావాలి. రక్తం ఇచ్చేవారి పేర్లు మన దగ్గర సిద్ధంగా ఉండాలి. ఈ జబ్బు సిగ్గుపడాల్సింది కాదని ఇంటింటా చెప్పాలి. దాచిన జబ్బుకు మష్వరా ఉండదు కదా!

అల్లా రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక.