మృత్యుభీతియు నవయవదానమును



ప్రగతి నగర్‌లో జరుగు నీ వార్షికసభయందు అవయవదానమునుగూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు కోరిరి. శుభమా యని సభ జరుగుచుండ నీ ప్రస్తావన యేల యని యొకరిద్దరు పెద్దలు మమ్ము మందలించిరి. ఆ మందలింపే మా ప్రసంగమునకు నాంది.

మన భాషనే చూడుడు. దీపమారిన 'కొండెక్కిన'దందుము, బియ్యము లేకున్న 'నిండుకొన్న'వందుము, గడప దాటువాడు 'వెళ్లివచ్చెద'ననవలెనేగాని 'వెళ్లెద'ననరాదు. నోట వచ్చిన కీడు నిజమగునను భీతి మనకు ఉగ్గుపాలతో వచ్చినది. అట్టి మనము 'నా మరణానంతరము' అను పత్రముపై చేవ్రాలు చేయుటకు జంకుట వింత కాదు. అయినను మాధాపురమున ఉద్యోగములు చేయు మన బిడ్డలు, తమ తదనంతరము సొమ్మెవరికి చెందవలెనో జీవితబీమా పత్రములయందు నిస్సంకోచముగా వ్రాయుచున్నారు. అచటికి రాని యముడు ఇచటికి వచ్చునా?

కన్నులిచ్చిన మరుజన్మమున అంధులమగుదుమని కొందరందురు. 'శీర్యతే' యని శరీరశబ్దమునకు వ్యుత్పత్తి. శిథిలమగునది గనుకనే శరీరము. చితిపై కన్నులు కాలినందున రాని అంధత్వము దానమిచ్చినచో వచ్చుట యెట్లు? ఎముకలిచ్చిన దధీచిని మనము కొలుచుచునే యున్నాము గదా.

కొట్టివేయరాని భీతి వేరొకటి కలదు: వైద్యులు తొందరపడి, ప్రాణమున్నవానినే మృతుడందురేమో యని. మస్తిష్కమరణము కలిగినవాని ఱొమ్ము యంత్రబలమున ఎగయుచునే యుండును. ఒడలు వెచ్చగానే యుండును. కన్నతల్లి యెట్లు నమ్మును? అందుచేతనే 1994 నాటి చట్టము నలుగురు వైద్యులు, ఆరు గంటల వ్యవధితో, రెండు మారులు పరీక్షింపవలెనని విధించినది. అవయవములు మార్చు వైద్యులకు ఆ నిర్ణయమున పాత్ర లేదు. ఈ సంగతి ఆసుపత్రి వరండాలో, దుఃఖవేళ, మొదటిసారి వినువారికి చెవి కెక్కదు. ఇంటిలో ముందే తెలిసియుండవలెను.

2013 నుండి జీవన్‌దాన్ పథకము నిమ్స్ కేంద్రముగా నడచుచున్నది. 2021 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా రైతు గుండెను నాగోలు నుండి జూబిలీహిల్సుకు మెట్రో రైలులో తరలించిరి. ఆ కుటుంబము సమ్మతింపనిచో ఆ రైలు కదలెడిదియా?

మాబోటి వృద్ధులు ఇంటియందే కన్నుమూసినను నేత్రదానము చేయవచ్చును. సుమారు ఆరు గంటలలోపల కబురంపవలెను; ముఖము వికారము కాదు; అంత్యేష్టికి లోపము లేదు.

పత్రము వ్రాసినను తుదకు ఇంటివారి సమ్మతియే ప్రధానము. మా పత్రమునకు సాక్షిగా చేవ్రాలు చేయుమని మా పెద్దకుమారుని అడిగితిమి. "ఇప్పుడు తొందరేమి నాన్నగారూ!" యని అతడు కలము జేబులో పెట్టుకొనెను. నాలుగు నెలలైనది.