ఎటునుంచి తీశారు?



సర్వీసులో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోనివారు మనలో ఉండరు. రిపోర్టులో "గుండె పెద్దదయింది" అన్న మాట కనబడితే చాలు, మెడికల్ కేటగిరీ ఏమవుతుందోనని నిద్ర పట్టదు. డాక్టరుగా చేరిన కొత్తలో ఒక హవల్దారుకు ఆ భయం నేనే పెట్టాను.

ఆయనది శ్రీకాకుళం వైపు. జ్వరం, దగ్గుతో వార్డులో చేరాడు. లేవలేకపోతున్నాడని మంచం దగ్గరే ఎక్స్‌రే తీశారు. ఫిల్ము చూసి, గుండె పెద్దదని కేసు షీటులో రాసేశాను. "ప్రమోషన్ కేడర్ ఉంది సార్" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

మర్నాడు మా సీనియరు ఫిల్మును వెలుగుకు పెట్టి ఒకే ప్రశ్న వేశారు. "ఎటునుంచి తీశారయ్యా?"

అసలు సంగతి అక్కడే ఉంది. నిలబెట్టి, ఛాతీని ఫిల్ముకు ఆనించి, వీపువైపు నుంచి కిరణాలు పంపితే గుండె ఫిల్ముకు దగ్గరగా ఉంటుంది. నీడ ఇంచుమించు అసలు కొలతలోనే పడుతుంది. పడుకోబెట్టి ముందునుంచి తీస్తే గుండె ఫిల్ముకు దూరమవుతుంది. దీపానికి దగ్గరగా చెయ్యి పెడితే గోడమీద నీడ పెరగదూ, అలాగే పెరుగుతుంది. ఊపిరి నిండా పీల్చకపోయినా గుండె పెద్దదిగానే కనబడుతుంది. నిలబడి తీసిన ఫిల్ములో గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే పెద్దవాళ్ళలో అనుమానించాలి.

ఆయన వేలు పెట్టి ఇంకొకటి చూపించారు. గుండె నీడ వెనకాల, ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో న్యూమోనియా తెల్లగా కనబడుతోంది. లేని జబ్బు రాసి, ఉన్నదాన్ని వదిలేశాను!

జ్వరం తగ్గాక నిలబెట్టి తీశాం. గుండె సగంలోపే ఉంది. న్యూమోనియా నీడ పూర్తిగా పోవడానికి మరికొన్ని వారాలు పట్టింది. నేను రాసింది కొట్టేసి, సంతకం పెట్టి, హవల్దారుకు స్వయంగా చెప్పాను. సెల్యూట్ చేసి నవ్వాడు. నేనే తల ఎత్తలేకపోయాను.

అప్పట్నుంచి వరస తప్పలేదు. ముందు పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు. తరువాత ఎలా తీశారన్నది. శ్వాసనాళం మధ్యలో ఉందా? రెండు ఊపిరితిత్తులూ పక్కపక్కన పోల్చి చూడడం. గుండె, దాని వెనక. అడుగున మూలలు మొద్దుబారితే నీరు చేరిందేమో. చివరగా ఎముకలు.

మీకు నా మనవి ఒక్కటే. పాత ఫిల్ములు పారేయకండి. కొత్తదానితో పాటు తీసుకెళ్ళండి. ఈనాటి నీడ నిన్న ఉందో లేదో చెప్పగలిగే సాక్షి అదే.

సెలవు. జై హింద్.