పాత బుల్‌డోజరులలో నూనె కారుట
(సంఘ సమావేశమున ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



పద్యములును పురాణములును వినుటకు అలవాటుపడిన ఈ సభలో ఇనుమును గూర్చియు జిడ్డును గూర్చియు మాటలాడుమని కోరినప్పుడు కొంత సంకోచించితిని. అయినను మన కోలారు ప్రాంతమునకు ఈ విషయము పరాయిది కాదు. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థవారి బుల్‌డోజరుల కర్మాగారము మన బంగారు గనుల పట్టణమందే యున్నది. 2001లో గనులు మూతపడినవి గాని, ఆ కర్మాగారము నడుచుచునే యున్నది. మనవారిలో కొందరు వాడిన పాత యంత్రములను కొని, చెరువుల పూడిక తీయుటకును, పొలములు చదును చేయుటకును గంటల లెక్కన బాడుగకు త్రిప్పుచున్నారు. వారు నన్ను అడుగు ప్రశ్న ఒక్కటే: "అన్నా, బండి కింద నూనె మడుగు కడుతోంది. విప్పించాల్నా, పోసుకుంటా నడిపించొచ్చా?"

యంత్రమును చూడకమునుపే ఈ ప్రశ్నకు జవాబు చెప్పువానిని నమ్మవద్దు. కారునది ఏ నూనె, ఎచ్చటినుండి, ఎంత అను సంగతి తెలిసిన పిదపనే పానా చేతబట్టవలెను.

తడి కనబడినచోటు నూనె పుట్టినచోటు కాకపోవచ్చును. నూనె పల్లమునకు జారును, ట్రాకు విసరుటచే వెనుకకు చిమ్మును, మట్టితో కలిసి అట్టకట్టును. కావున ముందుగా బండిని డీజిలుతో కడిగి, తుడిచి, ఆరబెట్టవలెను. అనుమానమున్న అతుకులమీద ముఖమునకు రాచుకొను పౌడరును పలుచగా చల్లి, అరగంట పని చేయించి ఆపి చూడవలెను. తెల్లని పొడిమీద మొదట నల్లబడిన గీతయే నూనె దారి. మా యింట పౌడరు డబ్బా తరచుగా మాయమగుటకు కారణమిదియే.

పిమ్మట వ్రేళ్లతో నలిపి వాసన చూడవలెను. గేరు నూనె చిక్కగా, గంధకపు వాసనతో నుండును. ఇంజిను నూనె నల్లగా, కాలిన వాసనతో నుండును. ఇంజినుకును గేరుపెట్టెకును నడుమనున్న క్లచ్చు గూటినుండి కారునది నల్లనిదైనచో ఇంజిను వెనుక సీలును, చిక్కనిదైనచో గేరుపెట్టె ముందు సీలును అనుమానింపవలెను. కొన్ని బండ్లలో గేరుపెట్టెకును ఇంజిను నూనెయే పోయుదురు. అప్పుడు రంగే గురుతు.

సీలును నిందించుటకు ముందు బ్రీదరును చూడుడు. పనిలో నూనెయు, దానిపైనున్న గాలియు వేడెక్కి వ్యాకోచించును. ఆ ఒత్తిడి బయటికి పోవుటకై గేరుపెట్టె మీద నున్న చిన్న మూతయే బ్రీదరు. అది బురదతో పూడినచో లోపలి ఒత్తిడి మంచి సీలును గూడ దాటి నూనెను వెలికి నెట్టును. ఉదయము చల్లగా నున్నప్పుడు కారక, మధ్యాహ్నము వేడిమీద కారుచున్నచో మొదట దీనినే విప్పి కిరసనాయిలుతో కడుగవలెను. రెండువైపుల క్లచ్చులను విప్పుటకు సిద్ధపడిన ఒక యజమానికి ఈ మూత కడుగుటతోనే పని తీరినది. ఆయన సంతోషించెను, విప్పుటకు వచ్చిన మేస్త్రీ మాత్రము నాతో కొన్నినాళ్లు మాటలాడలేదు.

ఇప్పుడు ప్రాణముతో ముడిపడిన సంగతి. 1940ల నాటి క్యాటర్‌పిల్లర్ డి-7 వంటి పాత బండ్లలో స్టీరింగు క్లచ్చులు పొడివి. రెండు క్లచ్చు గదుల నడుమ బెవెల్ గేరు నూనెలో తిరుగుచుండును. నడిమి గోడలోని సీలు చెడినచో నూనె క్లచ్చు గదిలోనికి దిగును. బయట ఒక్క చుక్కయైనను కనబడకపోవచ్చును. క్లచ్చు జారును, అదే గదిలోని బ్రేకు పట్టీయు నానును. మట్టి త్రోయునప్పుడు బండి తనంతట తానే ఒకవైపునకు లాగుట మొదటి గురుతు.

చాలయేండ్ల క్రిందట ఒక చెరువు కట్టమీదనుండి అట్టి బండి దిగుచుండగా నేను ప్రక్కన నడుచుచుంటిని. ఆపరేటరు ఎడమకు తిరుగుటకై లివరు లాగి బ్రేకు త్రొక్కెను. క్లచ్చు విడిచినది, బ్రేకు పట్టలేదు. వాలుమీద ఎడమ ట్రాకు అడ్డులేక దొర్లగా, బండి ఎడమకు కాక కుడికి, కట్ట అంచువైపునకు మరలినది. అతడు వెంటనే బ్లేడును నేలకు దింపి నిలిపెను. అంచునకు మూరెడు దూరము మిగిలినది. మరునాడు క్లచ్చు గది అడుగున నున్న ప్లగ్గు విప్పగా నాలుగు లీటర్లకు పైగా నూనె వచ్చినది. యజమాని నెలల తరబడి నూనె పోయించుచునే యుండెను. బయట కారని నూనె ఎచటికి పోవుచున్నదని మాలో ఎవ్వరమును అడుగలేదు, నేనును అడుగలేదు.

పొడి క్లచ్చుల బండి గలవారు వారమునకొకసారియైనను ఆ ప్లగ్గు విప్పి చూడవలెను. క్లచ్చు గదిలో కిరసనాయిలు పోసి కడుగుట పాత పద్ధతి. అది కొన్నిదినముల ఉపశాంతియే గాని మందు కాదు. పెట్రోలు మాత్రము ఎన్నటికిని వాడరాదు. తరువాతి బండ్లలో పెక్కింటికి నూనెలోనే తిరుగు క్లచ్చులున్నవి. వాటికి ఈ బాధ లేదు గాని, కారుటను ఆపునని అంగడిలో అమ్ము మందులను వాటిలో పోయవద్దు. క్లచ్చు జారు ప్రమాదము కలదు.

ఇక ట్రాకును త్రిప్పు పండ్లచక్రము వెనుకనున్న గేరుపెట్టె, అనగా ఫైనల్ డ్రైవు. దీని సీలు ఎల్లప్పుడు బురదలో నుండును. నూనె వెలికి వచ్చు ద్వారమే నీరును ఇసుకయు లోనికి పోవు ద్వారము. కనుక పోయిన నూనె వెల స్వల్పము. లోనికి వచ్చిన ఇసుక బేరింగులను తినివేయును. ఈ సీలు అనేక బండ్లలో నునుపుగా సానబట్టిన రెండు లోహపు కడియములు ఒకదానిమీదనొకటి ఒరయుచు తిరుగునట్టిది. ఒక్కొక్క కడియమును ఒక రబ్బరు వలయము వెనుకనుండి నొక్కిపట్టును. కడియము ముఖముమీద మెరయు సన్నని పట్టీ అరుగుదల కొలది వెలుపలి అంచునుండి లోపలి అంచునకు జరుగును. లోపలి అంచును చేరినచో దాని ఆయువు తీరినట్లే. ఒక జతలోని కడియమును వేరొక జతతో కలుపరాదు. బిగించునప్పుడు రబ్బరు వలయము మెలిపడక, పొడిగా నుండవలెను. లోహపు ముఖములకు మాత్రమే పలుచని నూనె పూత. మన మేస్త్రీలు పెక్కుమంది రబ్బరుకే ధారాళముగా గ్రీజు పూయుదురు. అది పట్టు తప్పి జారగా, కొత్త సీలు వారమునకే కారును. నింద అమ్మినవానిపై పడును.

కొత్త సీలు వేసినను కారుచున్నచో బేరింగు వదులై యుండవచ్చును. ట్రాకును వదులుచేసి, బండిని ఎత్తి గట్టి దిమ్మెలమీద నిలిపి, గడ్డపారతో పండ్లచక్రమును కదల్చి చూచినచో తెలియును. జాకీమీద మాత్రమే నిలిచిన బండిక్రిందికి ఎవ్వరును పోరాదు. ఒకచోట నూనె మట్టము తగ్గి, ప్రక్క పెట్టెలో పెరిగినచో కారుట లోపలిదే.

నడిపించుటయా, విప్పుటయా? ఉదయము సమతలమున బండి చల్లగా నున్నప్పుడు మట్టము చూచి, కొలత గుర్తులున్న డబ్బాతో పోసి, ఎన్ని గంటలకు ఎంత పోసితిమో నోటుపుస్తకమున వ్రాయవలెను. గంటకు 100 మిల్లీలీటర్లు పోయినచో పదిగంటల దినమునకు ఒక లీటరు. ఆ లెక్క నిలకడగా నుండి, నూనె నిర్మలముగా నుండి, చక్రము కదలక, క్లచ్చు గది పొడిగా నున్నచో, దినదినము పోయుచు ఆ పని ముగించుకొనవచ్చును. నూనె పాలవలె తెల్లబడినను, అయస్కాంతపు ప్లగ్గుకు లోహపు పెళ్లలు అంటినను ఆ దినమే ఆపవలెను. కారుట తగ్గునని ఫైనల్ డ్రైవులో గ్రీజు కూరుట కొందరి అలవాటు. చుక్కలు తగ్గును, పై బేరింగులు ఎండి మాడును.

మన చెరువులలో పని వేసవిలోనే గనుక, వానలు పడి బండి నిలిచినప్పుడు సీళ్లు మార్చుట అనుకూలము. అంతవరకు రాత్రి నిలుపుచోట క్రింద ఒక రేకుపళ్లెము పెట్టుడు. ఆ నూనె చెరువు మట్టిలో కలియకుండును, ఎంత పోయినదో ఉదయమునకు లెక్కయు తెలియును. ఎవరైనను తమ నోటుపుస్తకము తెచ్చియున్నచో ఇప్పుడే చూచెదను.